చివరి టవర్ కింద అత్తయ్య

"ఆ నంబర్ మన చేతుల్లోంచి జారిపోతోంది," అన్నాడు చీఫ్, ఫైలు తెరవకుండానే. "ఎవరో పోర్టింగ్‌కి పెట్టేశారు. రద్దు చేసే గడువు నిన్ననే దాటింది."

ఏజెంట్ కూర్చోలేదు. పదకొండేళ్లుగా సరిహద్దు అవతల పనిచేస్తూ రహస్య సమాచారం చేరవేసే కొరియర్‌కి నోటికొచ్చిన నంబర్ అదొక్కటే. ఇవాళ నాలుగు దాటాక ఫోన్ చేసి, తానెక్కడ దాక్కున్నాడో చెబుతాడు. ఇటు ఎవరు ఎత్తితే వాళ్ల చేతుల్లో అతని ప్రాణం.

"నాలుగింటికే పాత నెట్‌వర్క్ మూసేస్తున్నారు. అది ఆగిన మరుక్షణం నంబర్ శత్రువుల సిమ్‌లో మోగుతుంది. ఊళ్లో ఇంకా నడుస్తున్న టవర్ ఒక్కటే."

"పోర్టింగ్ పెట్టింది మన ఆఫీసులోంచేనా, సర్?"

చీఫ్ లేచి గది తలుపు గడియ పెట్టాడు. జవాబు తెలిసిపోయింది.

నాలుగుకి పది నిమిషాలుండగా, నకిలీ ఇన్‌స్పెక్టర్ బ్యాడ్జితో, ఆ నంబర్ సిమ్ ఉన్న పాత కీప్యాడ్ ఫోన్‌తో ఆమె ఆ టవర్ ఉన్న మేడ ఎక్కింది. టవర్ కింది రేకుల గదిలో ముసలి టెక్నీషియన్ టవర్ కరెంటు ఆపే బ్రేకర్ పక్కనే స్టూలు వేసుకుని ఉన్నాడు.

"ఓ పావుగంట ఆగుతారా, బాబాయ్?"

"ఆర్డరమ్మా. నాలుగంటే నాలుగే." ప్యానెల్ మీది పచ్చ లైటు చూపించాడు. "ఇది వెలుగుతుంటే ఎవరో మాట్లాడుతున్నట్టు. అప్పుడు మాత్రం ఆగుతా. ముప్పై ఏళ్ల సర్వీసులో ఒకరి మాట మధ్యలో తెంపలేదు."

ఆమె గదిలో అటూ ఇటూ తిరిగింది. ఎంతకీ ఫోన్ పెట్టెయ్యని మనిషి కావాలి. చీఫ్ నాలుగు ముక్కల్లో ముగిస్తాడు. భర్త 'ఊఁ' అంటాడు. మూడూ యాభై ఎనిమిదికి డయల్ చేసింది.

"అత్తయ్యా, నేను."

"ఎవరి నంబరే ఇది? అబ్బో, కోడలికి ఇన్నాళ్లకి తీరిక దొరికిందా! నిన్న నీ ఆడపడుచు నన్నేమందో తెలుసా?"

"చెప్పండి, అత్తయ్యా. మొదట్నుంచీ చెప్పండి."

నాలుగైంది. నాలుగూ నాలుగు. మెట్ల మీద హైహీల్స్ టకటకలాడాయి. సెంటు వాసన ముందొచ్చింది, వెనక అందరూ గాజుబొమ్మ అని పిలిచే మనిషి. ఆఫీసులో ఆరేళ్లుగా ఏజెంట్ పక్క సీటు ఆమెదే. ఒక చేతిలో చిన్న పిస్టల్.

"టైమైంది. ఆపు."

"లైన్లో మనిషుందమ్మా," అన్నాడు టెక్నీషియన్, పిస్టల్ వైపు చూడకుండా.

ఏజెంట్ చెవిలో బీప్. ఇంకో కాల్! బొటనవేలితో నొక్కింది.

"అక్కా, పాత ఐసు ఫ్యాక్టరీ. వెనక గేటు."

"కదలకు. మనవాళ్లు వస్తున్నారు."

గాజుబొమ్మ ముసలాయన్ని నెట్టి బ్రేకర్ కిందికి లాగింది. పచ్చ లైటు ఆరిపోయింది. అప్పటికే ఒక్క క్షణం ఆలస్యమైంది. ఏజెంట్ ఆమె మణికట్టు మెలిపెట్టింది. పిస్టల్ నేల మీద పడింది. బేడీలు బిగించి, సొంత ఫోన్‌లో చీఫ్‌కి ఆ చిరునామా చెప్పింది.

అప్పుడే గాజుబొమ్మ హ్యాండ్‌బ్యాగ్‌లో ఫోన్ మోగింది. పోర్టయిన నంబర్! కొరియరే మళ్లీ చేశాడా? ఏజెంట్ ఫోన్ బయటికి లాగి స్పీకర్ నొక్కింది.

"మధ్యలో పెట్టేశావేమే? ఇంకా అసలు సంగతికే రాలేదు!"

ఏజెంట్ ఆ ఫోన్‌ని గాజుబొమ్మ చెవికి ఆనించింది.

"వింటూ ఉండు. జీపు రావడానికి అరగంట పడుతుంది."