మూలగదిలో పళ్ళ చప్పుడు

చచ్చిన పందులు పళ్ళు కొరుకుతాయా? ఏమంటారు పిల్లలూ?

పశువుల జబ్బులు తేల్చే ఓ ల్యాబులో మూలగది గురించి అలాగే చెప్పుకునేవారు. పొద్దుగూకితే తలుపు మూసే ఉంటుంది... లోపల్నించి మాత్రం కటకట, కటకట. సాల్మొనెల్లా అనే రోగక్రిమి ఉందని తేల్చి చంపించిన పందులే పళ్ళు కొరుకుతున్నాయని, వాచ్‌మన్ అటు తొంగి కూడా చూసేవాడు కాదు.

అక్కడ పరీక్షలు చేసే ఆవిడ నవ్వి ఊరుకునేది. కానీ ఆ పందుల్లో నూటనలభై ఆవిడ సొంత అన్నవే. రిపోర్టు రాసింది కూడా ఆవిడే. ఏడాదిగా అన్నకు చెల్లెలితో మాటల్లేవు.

ఓ రాత్రి కరెంటు పోయి వచ్చింది. ఆ వెంటనే — కటకట!

"వెళ్ళకండి మేడమ్," వాచ్‌మన్ గొణిగాడు. "నాకు పిల్లలున్నారు."

"నిన్ను రమ్మన్నానా? ఆ టార్చి ఇలా ఇవ్వు."

తలుపు తోసింది. చీకటి... చల్లదనం... మొహం పక్కనే పళ్ళ చప్పుడు. టార్చి వేసింది.

పాత ఫ్రిజ్జు! మోటారు ఆడినప్పుడల్లా లోపలి గాజుగొట్టాలు ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయి. ఒక్కో గొట్టంలో ఒక్కో ఫారంలో దొరికిన క్రిమిని పెంచి దాచారు. ముందు వరసలోనే — అన్న ఫారంది.

ఆవిడ చెయ్యి ఆగిపోయింది. ఎందుకో చెబుతాను, వినండి. పందుల పెంటను క్రిములు పెరిగే నీళ్ళలో కలిపి, తర్వాత ఎర్రటి జిగురు పోసిన పళ్ళెంలో పూస్తారు. నల్లచుక్కలు లేస్తే అనుమానం. అనుమానమే! వేరే క్రిములూ నల్లగా లేస్తాయి మరి. అప్పుడు ఆ క్రిమిని గాజుపలక మీద, సాల్మొనెల్లాను పట్టిచ్చే సీరం అనే ద్రవం చుక్కలో కలిపి చూడాలి. పాలు విరిగినట్టు విరిగితేనే సాల్మొనెల్లా. ఆ వారం సీరం అయిపోయింది. పైవాళ్ళేమో ఒకటే తొందర... నల్లచుక్కలు చూసి రాసేసింది.

ఇప్పుడు సీరం ఉంది. తెలిసిన సాల్మొనెల్లాతో ముందు చూసింది — విరిగింది. అన్న గొట్టంలోది కలిపి పలకను అటూ ఇటూ వంచింది. ఒక నిమిషం... మరో నిమిషం...

విరగలేదు.

"దెయ్యమేనా మేడమ్?" బయటి నుంచి వాచ్‌మన్.

"ఫ్రిజ్జయ్యా. కింద చెక్కముక్క పెట్టు, ఆగిపోతుంది."

తెల్లారేసరికి అన్న గుమ్మంలో నిలబడింది. దాచకుండా చెప్పింది.

"అంటే ఊరికే చంపించారా?"

"ఊరికేనన్నయ్యా."

ఆయన తలుపు మీద చెయ్యి వేశాడు. "పోనీలే, చెల్లెలు నిజమే కదా రాసింది అని ఇన్నాళ్ళూ సర్దిచెప్పుకున్నానే. ఇప్పుడు అదీ లేకుండా చేశావు."

తలుపు వేసేశాడు.

తర్వాతా? తర్వాత ఏమీ లేదు. జరగండి, దుప్పట్లు సగమే మడతపెట్టాను.