ఒడ్డుకు చేరిన తొమ్మిదివందల పద్నాలుగు

డాక్టర్ ఇందీవర తెర మీద చుక్కల్ని లెక్కపెట్టి, నమ్మకం కుదరక మళ్లీ లెక్కపెట్టింది. సముద్రంలో వదిలిన వెయ్యి బొమ్మల్లో తొమ్మిదివందల పద్నాలుగు ఒడ్డుకు చేరాయి. యాభై చేరితే గొప్ప అనుకున్న మనిషి ఆమె.

ముందు ఆ బొమ్మల సంగతి చెప్పుకోవాలి. రెండువేల అరవై ఒకటి మార్గశిరంలో గంగోలుపేటకు ఎదురుగా సముద్రంలో చమురుబావి పగిలింది. ఉత్తరాది మంచు సరస్సుల నుంచి సీగల్ పక్షులు చలికాలానికి వచ్చి దిగిన వారమే అది. చమురంటిన పక్షికి ఒంట్లో వేడి నిలవదు. ఈకలు దువ్వుకుందామని ముక్కు పెడితే ఆ విషమే కడుపులోకి పోతుంది. ఇసుక మీద దొరికినవి మూడువందల పన్నెండు. చమురు కంపెనీ ఆ అంకె పట్టుకు కూర్చుంది. చచ్చినవి ఐదువేలు దాటితేనే బావిని శాశ్వతంగా మూయాలని చట్టం.

మరి నడిసముద్రంలో మునిగిపోయినవాటిని ఎవరు లెక్కపెట్టాలి? అందుకే ఇందీవర ఈ బొమ్మ చేసింది. చచ్చిన సీగల్ బరువే, ఆకారమే, ఈకలే. దానిలాగే నీరు పీల్చి కొన్నాళ్లకు మునుగుతుంది. పొడి ఇసుక తగిలితే లోపలి చిప్ కబురు పంపుతుంది. వందలో ఐదు ఒడ్డుకు చేరాయంటే, దొరికిన ఒక్కోదానికి చచ్చినవి ఇరవై అన్నమాట. బడిపిల్లలు చేసే లెక్కే.

ఆమె పరుగున ఒడ్డుకు వెళ్లింది. బొమ్మలన్నీ ఇసుక మీద వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. ఒక్కోదాని మీద చిటికెడు పసుపు. పడవ నడిపే సరంగు పోలయ్య పక్కనే వల బాగుచేసుకుంటున్నాడు.

"ఇవి ఎవరు తెచ్చారు తాతా?"

"మేమే డాక్టరమ్మా. నీటి మీద పీనుగు కనబడితే, మనిషైనా మరోటైనా ఒగ్గేసి రాం. ఒడ్డుకు సేర్చాల. అందులోనూ ఇయి వాలిన సోటే మేం వలేసేది. మాకు కూడు సూపించినోళ్లు."

"ఇవి బొమ్మలు తాతా."

పోలయ్య ఒకదాన్ని తిరగేసి చూశాడు. "మాకో మాట సెప్పలేదేం?"

ఆమె నాలుగు ఆఫీసులకు ఉత్తరాలు రాసింది. ముప్ఫై సంతకాలు తెచ్చుకుంది. రోజూ ఆ నీళ్ల మీద తిరిగేవాళ్లకు చెప్పాలని మాత్రం ఆమెకు గానీ, సంతకం పెట్టిన ముప్ఫైమందికి గానీ తట్టలేదు. బాగా చదువుకున్నవాళ్లకే వచ్చే మరుపు ఇది.

పక్షుల లెక్క తేల్చే విచారణలో ఇద్దరూ జరిగింది జరిగినట్టు చెప్పారు. అధికారి నవ్వాడు.

"పీనుగు కనబడితే వదిలి రాం అన్నావు కదయ్యా. అయితే నిజం పక్షుల్నీ వదిలుండరు. అన్నీ ఒడ్డుకొచ్చినట్టే."

"సమురు పడ్డ పది రోజులూ మా పడవల్ని దిగనిచ్చారేటండీ? పోలీసోళ్లు లాఠీలట్టుకు నిలబడ్డారు. బొమ్మలేసే నాటికి ఒదిలారు."

"ఆ ఉత్తర్వు కాగితం ఉందా?"

"నోటితో అరిసినదానికి కాగితమేటి బాబూ?"

"ప్రయోగం మళ్లీ చేయనివ్వండి," అంది ఇందీవర.

"బొమ్మలు మీవే, అంకె మీదే. ఇప్పుడు మీకే నచ్చలేదా అమ్మా?"

వెయ్యికి తొమ్మిదివందల పద్నాలుగు చొప్పున లెక్కగట్టి, చచ్చిన పక్షులు మూడువందల నలభై ఒకటే అని తీర్పు రాశారు. ఫాల్గుణంలో బావి మళ్లీ తెరిచారు. మిగిలిన సీగల్స్ ఉత్తరానికి వెళ్లిపోయాయి. అక్కడ ఆ వేసవిలో ఎన్ని గూళ్లు గుడ్డు లేకుండా ఉండిపోయాయో లెక్కపెట్టమని ఏ చట్టమూ అడగలేదు.

మరుసటి చలికాలం బావి మళ్లీ కారింది. ఈసారి పడవల్ని ఎవరూ ఆపలేదు. నల్లటి నీళ్ల మీద పక్షులు వెల్లకిలా తేలుతున్నాయి. పడవ ముందున్న పోలయ్య అల్లుడు ఒకదానికి చెయ్యి చాపాడు.

"ముట్టుకోకు," అన్నాడు పోలయ్య. "మనం తెస్తే లెక్క సెడిపోద్దంట. డాక్టరమ్మ మొకం సూళ్లేదా?"

అల్లుడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పడవ వాటిని తోసుకుంటూ ముందుకు పోయింది.

ఆ ఏడు ఇసుక మీద దొరికినవి పదిహేడు. తమ జాగ్రత్తల వల్ల పక్షుల చావులు బాగా తగ్గాయని కంపెనీ ప్రకటించింది.