వంతు కర్ర

చలికాలంలో మా అన్న వెర్లిన్‌కి గుండె ఆపరేషన్ అయింది. జూన్ వచ్చేసరికి ఇంట్లో కూర్చోలేక లోర్నా వదిన ప్రాణం తోడెయ్యడం మొదలుపెట్టాడు. ఆ సాయంత్రం నేను పికప్ తీసుకుని వెళ్ళేసరికి, నడుం దాకా వచ్చే రబ్బరు బూట్లు తొడుక్కుని, గాలం పట్టుకుని వాకిట్లో తయారుగా ఉన్నాడు. వదిన నన్ను పక్కకి పిలిచింది.

"ఆర్డెన్, నీ మీద నమ్మకంతో పంపిస్తున్నాను. మీ అన్నని కనిపెట్టుకుని ఉండు. చీకటి పడకముందే ఇంటికి చేర్చాలి."

"నా పూచీ వదినా," అన్నాను.

"ఏంటా గుసగుసలు? నేనింకా చావలేదు!" వెర్లిన్ వాకిట్లోంచి అరిచాడు.

మా వాగు బ్రెక్కీ వాళ్ళ ఆవుల బీడులోంచి పారుతుంది. కొన్నిచోట్ల ఒక్క గెంతులో దాటెయ్యొచ్చు. అంత సన్నటి నీళ్ళలో ఇద్దరు కలిసి గాలం వేస్తే కుదరదు. బ్రౌన్ ట్రౌట్ కంటే అనుమానపు చేప ఇంకోటి లేదు. మనిషి నీడ పడితే చాలు, ఒడ్డు కిందకి దూరిపోతుంది. అందుకే మా వైపు ఒక పద్ధతుంది. ఇద్దరికీ ఒకటే కర్ర. ఒకడు ఒక మలుపులో దిగితే, రెండోవాడు బీడులోంచి చుట్టూ తిరిగి వెళ్ళి, పై మలుపులో కర్ర పాతి అక్కడ దిగుతాడు. కిందివాడు ఆ కర్ర దాకా వచ్చి, దాన్ని పీకి, పైవాణ్ణి దాటి వెళ్ళి ఇంకా పైన పాతుకుంటాడు. కర్ర పీకినవాడిదే తర్వాతి వంతు. ఈ పద్ధతి తప్పినవాడి మొహం మా లోయలో ఎవరూ చూడరు.

వెర్లిన్ ఒక విల్లో చెట్టు కొమ్మ విరిచి, బెరడు తీసి నా చేతికిచ్చాడు.

"నువ్వు పైకెళ్ళు. పెద్ద మడుగు నీ వంతుకే వచ్చేలా లెక్కేసుకునే ఉంటావులే, దొంగ వెధవా."

"నీ దగ్గర నేర్చుకున్నదేగా," అన్నాను.

రెండో మలుపులో కర్ర పాతి దిగాను. కాళ్ళ కింద నలిగిన పుదీనా వాసన. ఆవులు గడ్డి పరపర కొరుకుతున్న చప్పుడు. కాసేపటికి జానెడు చేప పడింది. పొట్ట పసుపు, ఒంటి మీద ఎర్ర చుక్కలు. వదిలేసి తలెత్తి చూస్తే, పై మలుపులో తెల్లగా కర్ర కనిపించింది.

వెర్లిన్ నన్ను ఎప్పుడు దాటాడు?

అడుగుల చప్పుడు వినలేదు. ఆవు ఒక్కటైనా తలెత్తలేదు. పెద్ద మడుగు కొట్టెయ్యడానికి పొదల చాటున వంగి వంగి పోయుంటాడని ఒళ్ళు మండింది. ఆపరేషన్ అయిన మనిషికి ఆ కక్కుర్తి ఎందుకసలు? విసురుగా వెళ్ళి కర్ర పీకాను. విల్లో పొదల వెనక గాలిలో గాలపు తాడు ఊగుతున్న చప్పుడు. స్... స్...

"మెల్లగా, అన్నా. గుండె జాగ్రత్త," అన్నాను వెళుతూ.

పలకలేదు. నీళ్ళలో ఉన్నప్పుడు మేమెవ్వరం పలకం. తొంగి చూస్తే చేప బెదురుతుందని నేనూ చూడలేదు.

పైన ఇంకో మలుపులో కర్ర పాతాను. రెండుసార్లు గాలం విసిరానో లేదో, మళ్ళీ నా ముందు మలుపులో కర్ర ఉంది. ఈసారి కోపం కంటే అనుమానం ఎక్కువైంది. ఎవడో కుర్రవెధవ మాతో ఆటలాడుతున్నాడా? వెళ్ళి కర్ర పీకాను. ఒడ్డున మట్టి ఎండిపోయి బీటలు వారి ఉంది. కర్ర మాత్రం కొస దాకా తడిసి, వేళ్ళు కొంకర్లు పోయేంత చల్లగా ఉంది.

పొద్దు కొండ వెనక్కి దిగింది. వాగు మీంచి పొగమంచు లేస్తోంది. ఇంక చేపల ఊసు వదిలేసి, అన్నని పట్టుకుని బయటికి లాగాలని పైకి నడిచాను. వాగు పుట్టే చోటు అక్కడే. రాతి కింద నుంచి ఊట తన్నుకొస్తుంది. అడుగున ఇసుక ఎప్పుడూ ఉడుకుతున్నట్టు కదులుతూ ఉంటుంది. బ్రెక్కీ వాళ్ళ దూడలు రెండు అందులోనే దిగబడి పోయాయి. అక్కడ ఎవరూ గాలం వెయ్యరు.

ఊట అంచున, ఇంకో తెల్ల కర్ర నిలబడి ఉంది.

నా చేతిలో కర్ర నా చేతిలోనే ఉంది...

నడుం లోతు నీళ్ళలో ఒక మనిషి. వీపు నా వైపు. నెత్తిన టోపీ. తాడు ముందుకీ వెనక్కీ ఊగుతోంది. స్... స్... ఎంతసేపు చూసినా నీళ్ళ మీద మాత్రం వాలడం లేదు.

"అన్నా..." అని పిలిచాను. "చాల్లే. చీకటి పడుతోంది. వదినకి మాటిచ్చాను. బయటికి రా."

తిరగలేదు. నేనొక అడుగు వేశాను. ఇసుక కాలుని మోకాలి దాకా మింగింది.

వెనక నుంచి భుజం మీద చెయ్యి పడింది.

"ఎవరితోరా మాట్లాడుతున్నావు?"

వెర్లిన్. రొప్పుతున్నాడు. మొహం పాలిపోయింది. నా చంక కింద చెయ్యేసి కాలు పైకి లాగాడు.

"నువ్వు... నా ముందున్నావు కదా?"

"ముందేంటి? మొదటి మలుపులోనే ఆయాసం వచ్చి కంచె దగ్గర కూలబడ్డాను. నువ్వు వెనక్కి వస్తావేమోనని చూసి చూసి, నేనే వచ్చాను."

"మరి కర్ర?"

"నేను ముట్టుకోనేలేదురా."

తాడు చప్పుడు ఆగిపోయింది.

ఊటలో ఎవరూ లేరు. పొగమంచు ఒక్కటే ఉంది. అంతలో అద్దంలా ఉన్న నీళ్ళు నడుమ నుంచి బురదెక్కాయి. ఆ బురద మెల్లగా... అడుగు తర్వాత అడుగు... మా వైపు వస్తోంది.

"పద," అన్నాను.

వెర్లిన్ వంగాడు. ఇన్నేళ్ళ అలవాటు. ఆలోచించనైనా లేదు. ఒడ్డునున్న కర్ర పీకి చేతిలోకి తీసుకున్నాడు.

"పారెయ్!"

విసిరేశాడు. నీళ్ళలో పడిన చప్పుడు నాకు వినిపించలేదు.

వాగు వెంట పోకుండా బీడుకి అడ్డంపడి నడిచాం. అన్న రెక్క గట్టిగా పట్టుకున్నాను. పరిగెత్తాలని ఉంది, గుండె జబ్బు మనిషితో పరిగెత్తలేను. వెనక్కి మాత్రం చూడలేదు. పికప్ తలుపులు వేసుకున్నాక వెర్లిన్ నవ్వడానికి ప్రయత్నించాడు.

"ఒక్క చేపైనా పట్టించలేదు. ఏం తమ్ముడివిరా నువ్వు?"

అన్న నన్ను తిట్టినందుకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. ఏడుపొచ్చినంత పనైంది.

వాళ్ళింటి ముందు దీపం వెలుగుతోంది. వదిన ఎదురొచ్చి, అన్న బూట్లు లాగి, లోపలికి తీసుకెళ్ళే దాకా పికప్‌లో కూర్చుని చూశాను. మాట నిలబెట్టుకున్నానన్న ధైర్యంతో మా ఇంటికి బయల్దేరాను.

నేను ఇల్లు చేరేసరికి ఫోన్ మోగుతోంది.

"ఆర్డెన్, బుద్ధుందా నీకు?" వదిన విసుక్కుంటోంది. "తడి బూట్లతో ఇంట్లోకొచ్చి నేలంతా పాడు చేశావు. పడగ్గది దాకా అడుగులే!"

"వదినా, నేను పికప్ దిగలేదు."

"మరి ఇవెవరివి? మీ అన్న బూట్లు వాకిట్లోనే ఉన్నాయి."

"ఆ అడుగులు... మళ్ళీ బయటికి వచ్చినట్టు ఉన్నాయా?"

ఆవిడ నడుస్తున్న చప్పుడు వినిపించింది. పడగ్గది దాకా వెళ్ళి ఆగినట్టుంది.

"లేవు. లోపలికే ఉన్నాయి."

అప్పుడు ఫోన్లో, దూరంగా, వెర్లిన్ గొంతు వినిపించింది. నీళ్ళ పక్కన మాట్లాడుకునేటంత మెల్లగా ఎవరితోనో ఏదో చెబుతున్నాడు. మధ్యలో ఆగి, విని, "సరే, సరే" అంటున్నాడు.

"అన్న ఎవరితో మాట్లాడుతున్నాడు వదినా?"

"నిద్రపోయాడనుకున్నానే..." తలుపు పిడి తిప్పిన చప్పుడు. మళ్ళీ ఇంకోసారి.

"ఆర్డెన్," అంది వదిన, తనూ గుసగుసగానే. "లోపల గడియ పెట్టుంది. ఈ గదికి గడియ లేదు కదా?"