వెనక ఎవలన్న కూసోండ్రి

ధర్మపురిలో గోదావరికి దిగే దారి పక్కన సిద్దిరాములు మెకానిక్ షెడ్డు. ఊరందరి బండ్లకూ బ్రేకులు పట్టించే మనిషి, సొంత వ్యానుకు పట్టించలేక మధ్యాహ్నం నుంచి కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ముసురు పట్టింది. రేకుల మీద వాన ఆగడం లేదు.

తెల్లారితే భార్య నర్మదను కరీంనగర్ తీసుకుపోవాలి. ఆమెకు ఏడో నెల. ఇంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈసారి నిలిచింది గానీ, బిడ్డ బరువు పెరగడం లేదని డాక్టరమ్మ పెదవి విరిచింది. రేపటి స్కానింగులోనూ అదే మాట అంటే ఎలా అన్న భయం ఇద్దరికీ ఉంది. ఇద్దరూ పైకి అనడం లేదు.

బ్రేకుల్లో చేరిన గాలి తీయాలంటే ఇద్దరుండాలి. ఒకరు పెడలు తొక్కి పట్టాలి, ఒకరు చక్రం దగ్గరి మర వదులు చేసి ఆయిలుతో పాటు గాలిని బయటికి వదలాలి. వానకు పక్క షాపుల వాళ్లు ఇళ్లకు పోయారు. అందుకని నర్మదే డ్రైవరు సీట్లో కూర్చుంది.

"కొట్టు... కొట్టు... పట్టు."

"పట్టిన."

ముందు చక్రాలకు ఆయిలు బాగానే వచ్చింది. వెనక చక్రాలకు చుక్క రాలేదు. మర ఊడదీసి తీగతో పొడిచాడు. పైపు మార్చాడు. సిలిండర్లు మార్చాడు. తలప్రాణం తోకకొచ్చింది. అప్పుడు గానీ గుర్తు రాలేదు మన ఉద్దండుడికి. ఇలాంటి పాత వ్యాన్లకు వెనక ఇరుసు దగ్గర ఒక వాల్వు ఉంటుంది. వెనక బరువు పడితేనే అది తెరుచుకుంటుంది. ఖాళీ బండికి ఆయిలు పోనివ్వదు. ఈయనేమో బండిని జాకీ మీదికెత్తి, చక్రాలు గాల్లో వేలాడేసి ఇంతసేపూ తంటాలు పడ్డాడు.

జాకీ దించాడు. టైరుకూ పైన రేకుకూ మధ్య సందులో చెయ్యి పెట్టి చూస్తే నాలుగు వేళ్లు పట్టాయి. బరువుకు ఇరుసు మీది కమాను పట్టీలు వంగి, సందు రెండు వేళ్లకు దిగాలి. బరువు పెడదామని షెడ్డు బయటి ఇసుక బస్తాలు చూస్తే వానకు నాని, పిగిలి, ఇసుకంతా కాలువలో పోయింది. పొద్దు గూకుతోంది. కరెంటు కూడా పోయింది. ఫోను లైటు నోట కరుచుకుని వ్యాను కిందికి పాకాడు.

అక్కడి నుంచి దారి కనిపిస్తోంది. గోదావరిలో అస్థికలు కలిపి తిరిగొస్తున్న వాళ్ల కాళ్లు, బురదలో, చప్పుడు లేకుండా.

ఆ దారిన వచ్చేవాళ్లను పిలిస్తే పేరు పెట్టి పిలవాలి, లేదంటే నోరు మూసుకోవాలి. తల్లి కొమురవ్వ చిన్నప్పటి నుంచీ చెప్పిన మాటే. రేపటి ధ్యాసలో ఉన్నవాడికి అది గుర్తుంటుందా?

ఫోను చేతిలోకి తీసుకుని కేకేశాడు. "ఓ... ఎవలన్న జర వచ్చి వెనక కూసోండ్రి. పుణ్యముంటది."

కాళ్లు ఆగలేదు. ఒక్క జత మాత్రం నిలబడింది. కళ్లలో పడ్డ నీళ్లు తుడుచుకుని చూసేసరికి అదీ లేదు.

కమాను కిర్రుమంది.

వ్యాను దిగుతోంది. మెల్లగా... అతని ఛాతీ మీదికి... ఇంకా... ముక్కుకు బెత్తెడు దూరంలో ఆగింది. తడిసిన బూడిద వాసన. తలుపు తీసిన చప్పుడు మాత్రం కాలేదు.

"ఎవలన్న కూసున్నరా?" గొంతు తగ్గించి అడిగాడు.

నర్మద స్టీరింగును రెండు చేతులా పట్టుకుంది.

"కూసున్నట్టే ఉన్నది," అంది గుసగుసగా. "ఎన్కకు చూడబుద్ది అయితలే."

"చూడకు. పట్టు."

"పట్టిన."

మర తిప్పాడు. ఆయిలు వచ్చింది. నల్లగా, బుడగలతో... తర్వాత తేటగా. రెండు చక్రాలూ పూర్తి చేశాడు. పొద్దంతా కోరుకున్నది కళ్ల ముందే వస్తుంటే అతనికి ఏడుపొచ్చింది.

బయటికి పాకి వెనక తలుపు తీశాడు. సీటు ఖాళీ. కవరు మీద తడి. సందులో వేళ్లు పెట్టాడు. రెండే పట్టాయి.

"పనైపోయింది," అన్నాడు చేతులు జోడించి. "దిగుండ్రి."

ఏమీ కాలేదు.

"జర... దిగుండ్రి."

కమాను కిర్రుమంది. బండి వెనక భాగం పైకి లేచింది. అదే క్షణంలో ముందు సీట్లో నర్మద "అవ్వా" అని కడుపు పట్టుకుంది. సిద్దిరాములు పరుగెత్తాడు.

"ఏమైంది?"

"ఏం కాలే. తన్నింది." నవ్వుతోంది, కళ్లలో నీళ్లు. "గింత గట్టిగ ఎప్పుడు తన్నలే."

మర్నాడు కరీంనగర్ దాకా బ్రేకులు ముట్టుకుంటే పట్టాయి. డాక్టరమ్మ స్కానింగు రెండుసార్లు చూసింది.

"ఏం తింటున్నవమ్మా? బిడ్డ బరువు బాగా పెరిగింది," అంది.

నర్మద మెట్లు దిగుతూ కూడా నవ్వుతూనే ఉంది. సిద్దిరాములు రాత్రంతా బిగబట్టిన ఊపిరి వదిలాడు. పాత కమాను, తుప్పు పట్టి ఎక్కడో ఇరుక్కుని దిగి ఉంటుందని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. నిజంగానే సంతోషంగా ఉంది అతనికి.

నడుం నొస్తోందని నర్మద ఈసారి వెనక సీటు ఎక్కింది. సన్నటి మనిషి. ఆమె ఎక్కితే బండికి తెలియను కూడా తెలియదు.

కమాను కిర్రుమంది.

సిద్దిరాములు టైరు దగ్గర వంగాడు. సందులో వేళ్లు పెట్టాడు.

రెండే పట్టాయి.

"పోదాం పా," లోపలి నుంచి నర్మద అంది, కడుపు నిమురుకుంటూ. "అందరం ఎక్కినం గదా."