నీడ ఒళ్ళో పడాలి

ఉదయం పదకొండింటికి ఏజెంట్ థర్టీ వాళ్ళ బావ శవమై కనిపించాడు. విమానం నుంచి తీసిన ఫోటోలు చదవడం ఆయన ఉద్యోగం. ఆఫీసు కుర్చీలోనే, స్టీరియోస్కోప్‌కి కళ్ళు ఆనించి, ఇంకా ఏదో చూస్తున్నట్టే ఉన్నాడు. దాని అంచుకి ఎవరో విషం పూశారు.

"ఏడవడానికి టైం లేదు," అన్నాడు చీఫ్. "నాలుగింటికి పాత రాజుగారి పార్కులో శాంతి ఒప్పందం. రెండు దేశాల మంత్రులొస్తున్నారు. విదేశీ ముఠా అక్కడ బాంబు పాతింది. సరిగ్గా ఏ చోటో మీ బావ కనిపెట్టాడు. నాకు చెప్పేలోపే పోయాడు."

ఏజెంట్ థర్టీకి ఏడుపు రాలేదు. ఆ కుర్చీ ఇంకా వెచ్చగా ఉంటుందేమోనని భయం వేసింది. నిలబడే ఫోటో అందుకున్నాడు.

ఒకటే ఫోటో. ఎత్తుపల్లాలు తెలియాలంటే స్టీరియోస్కోప్‌లో రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టాలి, రెండోది మాయమైంది. పచ్చిక మీద వరసగా తొమ్మిది గుండ్రటి మచ్చలు, చిన్న దిబ్బల్లా ఉబ్బి కనిపించాయి. రెండొందల ఏళ్ళ కిందట కొట్టేసిన చెట్ల చోట్లవి.

"చెట్టు పోయినా చోటు పోదురా," అనేవాడు బావ. "పైనుంచి చూడు, వరస తప్పకుండా నిలబడే ఉంటాయి."

ఆ వరసలోనే ఒక చోటు ముఠా తవ్వి పూడ్చి ఉండాలి. ఏది? థర్టీ అక్కకి ఫోన్ చేశాడు.

"పదిన్నరకి మీ బావ ఫోన్ చేశార్రా," అంది అక్క. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. "ఎడమ కొసనున్న మొక్కకి నీళ్ళు పొయ్యమన్నారు. మనింట్లో మొక్కెక్కడిది?"

కోడ్. లైన్లో ఎవరో వింటున్నారని ఆయన పసిగట్టాడన్నమాట.

మూడింటికి థర్టీ తోటమాలి వేషంలో పార్కులో దిగాడు. పెట్టుడు గడ్డం దురద పెడుతోంది. ఉత్తరం పైకి పెడితే ఎడమ కొస పడమర. బాంబ్ స్క్వాడ్ అక్కడే తవ్వడం మొదలుపెట్టింది.

పెర్ల్ వచ్చి గుంట అంచున నిలబడింది. డిపార్ట్‌మెంట్ తరఫున ముఠాలో చేరిన అందగత్తె. చెవులకి ముత్యాలు, అందుకే ఆ పేరు.

"మీ బావగారు చాలా మంచివారు," అంది. "ముఠావాళ్ళు చెప్పుకున్నదీ ఈ చోటే. ఇంకాస్త లోతుగా తవ్వించండి."

మూడూ నలభై. ఎప్పుడో వేళ్ళు కుళ్ళిన నల్లమట్టి తప్ప ఏమీ దొరకలేదు. మంత్రుల కార్లు గేటు దాటాయి.

థర్టీ పెర్ల్ వైపు చూశాడు. బాంబుందన్న గుంట పక్కన హైహీల్స్‌తో తాపీగా నిలబడింది. ప్రాణం మీద తీపి ఉన్న మనిషి అలా నిలబడదు, అక్కడ బాంబు లేదని తెలిస్తే తప్ప. వెనక్కి అడుగేశాడు. పక్క మచ్చ మీద కాలు దిగబడింది. పల్లం. ఫోటోలో దిబ్బ కదా?

"ఫోటో అలా పట్టుకోకురా మొద్దూ. నీడలు నీ ఒళ్ళోకి పడాలి. లేకపోతే గుంట దిబ్బలా కనిపిస్తుంది."

బావ గొంతు. చెవిలోని రేడియోలోంచి వచ్చినట్టే వినబడింది. రేడియో ఆఫ్‌లో ఉంది.

అందరూ ఉత్తరం పైకి పెట్టి చూస్తారు, అప్పుడు నీడలు అవతలికి పడతాయి. బావ ఒక్కడే నీడలు తనవైపు పడేలా ఫోటో తిప్పుకునేవాడు. థర్టీ ఫోటోని తలకిందులు చేశాడు. దిబ్బలన్నీ గుంటలైపోయాయి. ఎడమ కొస తూర్పుకి వెళ్ళింది. సరిగ్గా మంత్రుల కుర్చీల కిందికి.

"తూర్పు కొస. పరిగెత్తండి."

నాలుగు కావడానికి ఏడు సెకన్లుండగా బాంబు వైరు తెగింది. పెర్ల్ గేటు దగ్గర దొరికింది. హ్యాండ్‌బ్యాగ్‌లో రెండో ఫోటో, విషం నింపిన లిప్‌స్టిక్ ఉన్నాయి. థర్టీ చెట్లు లేని ఆ వరసలో కూలబడి, గడ్డం ఊడిపోయేదాకా ఏడ్చాడు.

వారం తర్వాత అక్క ఇంటికి వెళ్ళాడు. భోజనాల బల్ల మీద కొత్త మొక్క ఉంది.

"ఎడమ కొసనే పెట్టాను," అంది అక్క.

"అది కుడి కదక్కా."

"మీ బావ కూర్చునే వైపు నుంచి చూడరా."

థర్టీ బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి బావ కుర్చీలో కూర్చున్నాడు. నిజమే, ఎడమే. కుర్చీ వెచ్చగా ఉంది. ఆ ఒక్క సంగతే అతను రిపోర్టులో రాయలేదు.