నత్తి మంత్రం

అమావాస్య... అసుర సంధ్య! నల్లమల మీదుగా ఎగబాకిన కారుమబ్బులు దుర్గి శివార్లలోని పాడుబడిన రేకుల షెడ్డును మింగేశాయి. ఎక్కడో గుడ్లగూబ మూలిగింది. లోపల, సగం చెక్కి వదిలేసిన రాతి విగ్రహాల నడుమ రక్తవర్ణపు ముగ్గు... ముగ్గు మధ్యన కపాలం! ఆ కపాలంలోంచి ఓ కంఠం ఘోషిస్తోంది.

"మా... మా... మా... రయ... మా... మా..."

కపాలంలో ఇమిడ్చిన చిన్న బ్లూటూత్ స్పీకరుకు ఆ మంత్రాన్ని పంపుతున్నది పక్కనే ఉన్న ల్యాప్‌టాప్.

ముగ్గు అంచున హఫ్సా జుట్టు విరబోసుకుని పడి ఉంది. ఏదో గాలి సోకిందన్నారు. అన్నం ముట్టదు, పడుకుంటే ఊపిరందదు. మాచర్లలో కంప్యూటర్లు బాగుచేసే ముర్తుజాకు భార్య జరీనా పోయాక మిగిలింది ఈ కూతురొక్కతే. ఆసుపత్రులు, దర్గాలు అయ్యాక, ఎవరో చెబితే మాంత్రికుడు కోటిలింగం దగ్గరికి తెచ్చాడు.

"ఏందయ్యా ఈ నత్తి?" కోటిలింగం గర్జించాడు. "మంత్రం తెగితే నీ బిడ్డను పట్టింది వదలదు. బాగుచేస్తావా, శవాన్ని మోసుకుపోతావా?"

"చూస్తా స్వామీ. మీ నోటితోనే చదివితే సరిపోయేదిగా?"

"లక్ష జపం నీ తాత చేస్తాడా? చానా మాట్లాడమాక, పని చూడు!"

ముర్తుజా స్పీకరు చార్జింగు చూశాడు. నిండుగానే ఉంది. ల్యాప్‌టాప్‌ను కపాలానికి దగ్గరగా జరిపాడు. నత్తి పోలేదు. అప్పుడు తెర మీద దొరికింది అసలు దొంగ! వెనకాల వైరస్ స్కాన్ నడుస్తూ యంత్రం సత్తువంతా తాగేస్తోంది.

కూతురి వైపు చూశాడు. ఆశ్చర్యం! ఆమె ముఖం ప్రశాంతంగా ఉంది. పెదవులు సన్నగా కదులుతున్నాయి. ఎన్నాళ్లకో నిదానంగా ఊపిరి తీస్తోంది... ఈ పూటకు ఆ మాత్రం చాలు దేవుడా అనుకుంటూ స్కాన్ ఆపేశాడు.

"మారయ! మారయ! మారయ!"

నత్తి లేదు! పెళపెళమంటూ పిడుగు! హఫ్సా వెన్ను విల్లులా వంగింది.

"అబ్బాజాన్!..."

ఆమె గొంతు మీద కనపడని చేతి వేళ్ల గుర్తులు నల్లగా తేలాయి!

కోటిలింగం వికటాట్టహాసం చేశాడు. "కన్నోడి చేత్తోనే అడ్డు తొలిగింది! తల్లి లేని కన్నె ప్రాణం... ఇక నాదిరా!"

ఇంటర్లో మార్కుల కోసం చదివిన సంస్కృతం ముర్తుజా తలలో మెరుపులా మెరిసింది. మారయ... అంటే చంపు! మరి ఇందాక ఆ నత్తి ఎవరిని పిలిచింది? తమ ఇంట్లో, తమ ఉర్దూలో, హఫ్సా పసితనం నుంచి పిలిచిన పిలుపే కదా అది... మా... మా... అమ్మా!

"ఆ యంత్రాన్ని ముట్టుకున్నావో, నరుకుతా!" కోటిలింగం కత్తి దూశాడు.

ముర్తుజా ల్యాప్‌టాప్ మీదికి వంగాడు. స్కాన్‌ను మళ్లీ ఉసిగొల్పాడు. ఉన్న వీడియోలన్నీ ఒక్కసారే తెరిచాడు. యంత్రం రొప్పింది.

"మా... మా... మా..."

హఫ్సా పెదవులూ శ్రుతి కలిపాయి. "మా..."

గాజులు గలగలమన్నాయి! షెడ్డంతా వేయించిన ఉల్లిపాయల వాసన... జరీనా చేతుల వాసన! హఫ్సా గొంతు మీది నల్లటి వేళ్లు ఒక్కొక్కటే ఊడిపోయాయి. గాలిలో గిర్రున తిరిగి... కోటిలింగం కంఠానికి చుట్టుకున్నాయి!

"ఎవతివే నువ్వు? పో! దీనికి తల్లి లేదే... చచ్చిందే!..."

అదే అతని ఆఖరి కేక. కత్తి జారిపడింది. కపాలం ఫెటిల్లున పగిలి ముక్కలైంది. మాంత్రికుడు ఆ ముక్కల మీదే కూలాడు. మరి కదలలేదు.

వాన మొదలైంది. హఫ్సా లేచి కూర్చుంది.

"ఆకలేస్తోంది అబ్బాజాన్... మా ఎటు పోయింది? ఇప్పుడేగా నా పక్కన కూర్చుంది!"

ముర్తుజా ఆమె తల నిమరబోయాడు. ఇందాక విరబోసి ఉన్న కూతురి జుట్టు ఇప్పుడు నున్నగా అల్లి ఉంది. జడ మాత్రం, జరీనా ఎప్పుడు అల్లినా వచ్చినట్టే, కాస్త ఎడమకు వంకర.