పాత బ్రౌజర్‌కి మాత్రమే

"మీ బటన్ పారిపోయిందండీ" అంది లైబ్రేరియన్.

వెబ్ డిజైనర్ చప్పున వంగి చూశాడు. తన ల్యాప్‌టాప్‌లో ముత్యంలా ఉన్న లైబ్రరీ సైట్, ఆమె కౌంటర్ కంప్యూటర్‌లో మాత్రం సంతలో చెల్లాచెదురైన సరుకులా ఉంది. మెనూ వెళ్ళి బొమ్మల మీద పడింది. 'పుస్తకం బుక్ చేయండి' బటన్ స్క్రీన్ అంచు దాటి సగం మాయమైంది.

"తప్పు సైట్‌ది కాదు. మీ బ్రౌజర్ పదేళ్ళ నాటిది. దీన్ని మ్యూజియంలో పెట్టాలి."

"పెడదాం. మా కంప్యూటర్లు కొత్త వెర్షన్ ఎక్కించుకోవు. కొత్త కంప్యూటర్లు వచ్చే ఏడాదికి గానీ రావు. అంతవరకూ మా తాతయ్య పుస్తకం ఎలా బుక్ చేసుకోవాలి?"

మూడో నంబరు కంప్యూటర్ ముందు తెల్ల మీసాల పెద్దాయన చెయ్యి ఊపాడు.

"ఆయనకి నేను నేర్పిస్తాను."

"తాతకు దగ్గులు నేర్పకండి. బటన్ని వెనక్కి తీసుకురండి. అప్పుడే పని పూర్తయిందని సంతకం."

అతనికి ఒళ్ళు మండింది. పట్టుదల కూడా పుట్టింది. తను చేసిన పనికి ఇంతవరకూ ఎవరూ వంక పెట్టలేదు!

మరుసటి రోజు నుంచి యుద్ధం మొదలైంది. మెనూ సర్దితే బొమ్మలు జారేవి. బొమ్మలు నిలబెడితే అక్షరాలు ఒకదానిమీదొకటి ఎక్కేవి. అతని తల ప్రాణం తోకకొచ్చింది.

"ఈరోజు ఏం విరిగింది?" అని నవ్వేది ఆమె, అతను మెట్లెక్కగానే.

"నా మనసు తప్ప అన్నీ."

"దాన్ని పరీక్షించే పని నాది కాదు."

రెండు వారాలకి బటన్ బుద్ధిగా తన చోట్లో కూర్చుంది. తాతయ్య ఒక్క నొక్కుతో డిటెక్టివ్ నవల బుక్ చేశాడు. ఆమె తనూ ఒకసారి నొక్కి చూసుకుని, కాగితం మీద సంతకం చేసింది.

గెలిచాడు. కానీ కాగితం అందుకుంటుంటే అప్పుడు తట్టింది. రేపటి నుంచి ఈ మెట్లెక్కడానికి సాకు లేదు!

ఆఫీసుకి వెళ్ళి, ఊసుపోక తన సొంత పేజీ లాగ్ తెరిచాడు. తను చేసిన పనులూ, తన ఫోటో పెట్టుకున్న పేజీ అది. ఎవరు చూసినా, వాళ్ళ బ్రౌజర్ పేరూ, వెర్షనూ, చూసిన సమయమూ లాగ్‌లో పడతాయి.

అతని కళ్ళు ఒక వరుస దగ్గర ఆగిపోయాయి.

పదేళ్ళ నాటి బ్రౌజర్. మధ్యాహ్నం ఒంటిగంటా పది. నిన్న. మొన్న. అటు మొన్న. రెండు వారాలుగా, భోజన విరామంలో, రోజూ!

ఆ వెర్షన్ వాడేది ఈ ఊళ్ళో ఇంకెవరు?

వెంటనే, పరీక్షల కోసం తన దగ్గరా పెట్టుకున్న ఆ పాత బ్రౌజర్‌లో తన పేజీ తెరిచి చూసి నెత్తి కొట్టుకున్నాడు. తన ఫోటో అడ్డంగా సాగిపోయి ఉంది. అచ్చు గుమ్మడికాయ!

ముందు ఫోటో సరిచేశాడు. తర్వాత పేజీలో ఒక చిన్న పెట్టె కట్టాడు. అందులో ఒక ప్రశ్న, కింద 'అవును' అనే బటన్; నొక్కితే ఆ మాట తన ఫోన్‌కి వస్తుంది. కొత్త బ్రౌజర్లలో అది కనబడదు. ఆ పాతదానిలో మాత్రమే కనబడుతుంది.

మర్నాడు ఒంటిగంటా పదికి లాగ్ ముందు ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. ఒంటిగంటా పదకొండు. పన్నెండు. ఫోన్ గుర్రుమంది.

'అవును.'

రెండు వీధులు ఒక్క పరుగులో దాటాడు. లైబ్రరీ మెట్లు రెండేసి ఎక్కాడు.

పాఠకులందరూ తలలెత్తి అతన్నే చూస్తున్నారు. కౌంటర్ దగ్గర ఆమె మొహం ఎర్రబడి ఉంది. ఆమె కుర్చీలో తాతయ్య!

"దాన్ని నేను నొక్కలేదు" అంది ఆమె. "మీ పేజీ తెరిచి, పుస్తకం తేవడానికి అల్మారా దగ్గరికెళ్ళాను. ఈలోగా తాతయ్య వచ్చి కూర్చుని, హాలంతా వినబడేలా చదివాడు. 'రోజూ ఒంటిగంటా పదికి వచ్చే అమ్మాయికి. మీరంటే నాకిష్టం. నేనంటే మీకిష్టమేనా?' అని. చదివి, నొక్కేశాడు."

"బటన్ పనిచేస్తుందో లేదో చూశానమ్మాయ్" అన్నాడు తాతయ్య.

అతను ఫోన్ జేబులో పెట్టేశాడు. ఇంతసేపటి సంతోషం పెద్దాయన వేలి చలవన్నమాట.

"సారీ అండీ. నేను తొందరపడ్డాను..."

"ఆగండి. ఇంకొకరు నొక్కింది చూసి ఒప్పుకునే అలవాటు నాకుందా?"

ఆమె మౌస్ అందుకుంది. అతని వైపు చూస్తూనే నొక్కింది.

అతని జేబులో ఫోన్ మళ్ళీ గుర్రుమంది. తీసి చూశాడు.

'అవును.'

"ఇప్పుడు పరీక్ష పూర్తయింది" అంది ఆమె, తల దించుకుని.

తాతయ్య కళ్ళజోడు సర్దుకుని, తెర మీది ఫోటోనీ అతన్నీ మార్చి మార్చి చూశాడు.

"నిన్నటిదాకా ఇందులో నీ మొహం గుమ్మడికాయలా ఉండేది బాబూ. రోజూ ఈ అమ్మాయి నాకు చూపించేది. ఆ మొహాన్ని చూసే ఇష్టపడిందంటే, ఇక నీకేం భయం లేదు."